ఓడిపోయిన ఆవిడ గురించి పిల్లలకి ఏం చెబుదాం?

హైస్కూలు పిల్లల జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో భారత రాష్ట్రపతుల పట్టిక ఒకటి ఉంటుంది. వరస సంఖ్య, పేరు, పదవీకాలం. మూడే గళ్ళు. ఎవరి మీద గెలిచారో చెప్పే నాలుగో గడి ఉండదు. ఆ పట్టికని బట్టీ పట్టిన పిల్లకి రాష్ట్రపతి అనేవాడు ఎన్నికవుతాడని కాక, వేసవి తర్వాత వానాకాలం వచ్చినట్టు ఒకరి తర్వాత ఒకరు వస్తారని అనిపిస్తే తప్పు ఆ పిల్లది కాదు.

అయితే ఓడిపోయిన వాళ్ళందర్నీ మనం ఒకేలాగా మర్చిపోలేదు. 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున నిలబడ్డ కోకా సుబ్బారావు జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. 4,71,244కి 3,63,971. 1969లో లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకుని కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా నిలబడ్డ నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 4,20,077కి 4,05,427. ఈ రెండో ఓటమిని తెలుగువాళ్ళు కథలు కథలుగా చెప్పుకున్నారు. ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం, కాంగ్రెస్ చీలిక, ఎనిమిదేళ్ళు తిరిగేసరికి 1977లో అదే సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి భవన్‌లో అడుగు పెట్టడం - ఇదంతా రాజకీయ చరిత్ర. మగవాడి ఓటమికి కారణాలుంటాయి, పాత్రలుంటాయి, మలుపులుంటాయి. తర్వాతి అధ్యాయం కూడా ఉంటుంది.

2002 జులైలో లక్ష్మీ సెహగల్ ఓడిపోయారు. అబ్దుల్ కలాంకి 9,22,884. ఆవిడకి 1,07,366. ఈ ఓటమికి మన దగ్గర కథ లేదు. ఒక్క వాక్యం ఉంది. 'వామపక్షాల అభ్యర్థిగా పోటీ చేసి ఓడిపోయారు.' చాలా పుస్తకాల్లో ఆ వాక్యం కూడా లేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం స్త్రీల జీవిత చరిత్రలు చిన్న పుస్తకాలుగా వేస్తున్న ఒక ప్రచురణ సంస్థ నన్ను లక్ష్మీ సెహగల్ మీద పుస్తకం రాయమంది. రాశాను. ఏడు అధ్యాయాలు. చివరిది 2002 ఎన్నిక. ఎడిటర్ గారు చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, ఆఖరి అధ్యాయం తీసేద్దామన్నారు. వీలైతే చివరి మూడూ. "1947 దగ్గర ఆపేయండి మేడమ్. స్వాతంత్ర్యమూ వచ్చేసింది, ఆవిడకి పెళ్ళీ అయిపోయింది. పిల్లలకి చక్కగా ఉంటుంది" అన్నారు.

1947 మార్చిలో లాహోర్‌లో ఆవిడ ప్రేమ్ సెహగల్‌ని పెళ్ళి చేసుకున్న మాట నిజమే. అప్పటికి ఆవిడకి 32 ఏళ్ళు. ఆ తర్వాత ఇంకో 65 ఏళ్ళు బతికారు. ఆ 65 ఏళ్ళనీ పెళ్ళి వెనకాల దాచేసి 'శుభం' కార్డు వేసేద్దామని ఆ సలహా. మన పాత సినిమాలు చేసిన పనినే ఇప్పుడు ఆడపిల్లల స్ఫూర్తి కోసం వేసే పుస్తకాలు చేస్తున్నాయి. ఒక మగ నాయకుడి జీవిత చరిత్రని ఆయన పెళ్ళితో ముగించమని ఏ ఎడిటరైనా అడుగుతారా?

నాకు వచ్చిన అభ్యంతరాలు మూడు. పిల్లలకి ఓటమి చెప్పకూడదు. పిల్లలకి రాజకీయాలు వద్దు. అసలది పోటీ కాదు, లాంఛనం. ఈ మూడూ ఒక్క ఎడిటర్ అభిప్రాయాలే అయితే నేను ఇంత సిరా ఖర్చు పెట్టేదాన్ని కాదు. ఇవి మనందరి ఇళ్ళల్లోనూ బళ్ళల్లోనూ తిరిగే అభిప్రాయాలు. అందుకని ఒక్కొక్కటిగా చూద్దాం. దానికి ముందు, తీసేయమన్న అధ్యాయంలో నేను పిల్లలకి ఏం చెప్పానో ఇక్కడ కొంచెం చెప్పనివ్వండి.

*

పిల్లలూ, రాష్ట్రపతిని మీ అమ్మా నాన్నా నేరుగా ఓటేసి ఎన్నుకోరు. వాళ్ళు ఓట్లేసి గెలిపించిన ఎం.పి.లూ, ఎమ్మెల్యేలూ ఎన్నుకుంటారు. నామినేట్ అయిన సభ్యులకి ఈ ఓటు లేదు. అందరి ఓటుకీ ఒకే విలువ కూడా ఉండదు. ఒక రాష్ట్రంలో ఎమ్మెల్యే ఓటు విలువ కావాలంటే, 1971 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభాని అసెంబ్లీ స్థానాలతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగించాలి. 2002 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 1971 జనాభా 4 కోట్ల 35 లక్షలు, స్థానాలు 294. పలక తీసుకుని చేసి చూడండి, 148 వస్తుంది. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 208. సిక్కిం ఎమ్మెల్యేది 7. దేశంలో ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువా కూడి, ఎన్నికైన ఎం.పి.ల సంఖ్య 776తో భాగిస్తే ఎం.పి. ఓటు విలువ వస్తుంది. 2002లో అది 708.

ఇప్పుడు ఇంకో లెక్క. 2002లో కేంద్రంలో ఉన్న ఎన్.డి.ఎ. ప్రభుత్వం అబ్దుల్ కలాం పేరు ప్రకటించింది. దానికి బయటినించి మద్దతిస్తున్న తెలుగుదేశం సరేనంది. ప్రధాన ప్రతిపక్షమైన కాంగ్రెస్ కూడా సరేనంది. సమాజ్‌వాది పార్టీ సరేనంది. కాదన్నవి వామపక్షాలు. వాటికి బలమున్నది పశ్చిమ బెంగాల్లో, కేరళలో, త్రిపురలో. బెంగాల్ ఎమ్మెల్యే ఓటు విలువ 151, కేరళ ఎమ్మెల్యేది 152, త్రిపుర ఎమ్మెల్యేది 26. మన రాష్ట్రంలో 1999 అసెంబ్లీ ఎన్నికల్లో వామపక్షాలకి దక్కిన స్థానాలు రెండు. రెండూ కలిపినా విలువ 296. అంటే నామినేషన్ వేసిన రోజే లక్ష్మీ సెహగల్‌కి తను గెలవనని తెలుసు. ఆ మాట ఆవిడ దాచుకోలేదు. బహిరంగంగానే ఒప్పుకుని దేశం తిరిగారు.

మరి ఎందుకు నిలబడ్డారు?

నా అధ్యాయంలో ముఖ్యమైన ప్రశ్న ఇది. మిగతాదంతా ఈ ప్రశ్న కోసమే రాశాను.

*

మొదటి అభ్యంతరం. 'పిల్లలకి ఓటమి చెప్పకూడదు, నిరుత్సాహపడతారు.'

ఏ పిల్లల గురించి మాట్లాడుతున్నాం మనం? క్లాసులో అరవైమందిలో ఒకళ్ళకే మొదటి ర్యాంకు వచ్చే బళ్ళల్లో చదివే పిల్లల గురించే కదా. ప్రతి ఏడూ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజు ఏ ఇంట్లో ఏ వార్త వినాల్సొస్తుందో అని ఊపిరి బిగపట్టే రాష్ట్రాలు మనవి. ఓటమి అంటే ఏమిటో ఆ పిల్లలకి మనకన్నా బాగా తెలుసు. వాళ్ళకి తెలియనిదీ, ఎవరూ చెప్పనిదీ ఇంకొకటుంది. ఓడిపోవడం అన్నిసార్లూ చేతకానితనం కాదని, లెక్క ముందే రాసిపెట్టి ఉన్న చోట కూడా చెయ్యాల్సిన పని ఒకటి మిగిలే ఉంటుందని. ఆ సంగతి చెప్పడానికి 2002 ఎన్నిక కంటే తేలికైన పాఠం నాకు దొరకలేదు. పైగా ఇందులో భాగాహారం కూడా ఉంది.

'ఓడినా గెలిచినట్టే' అని ఒక తియ్యని మాట అంటుంటాం. ఆ మాట కూడా నేను ఆ అధ్యాయంలో రాయలేదు. ఆవిడ గెలిచినట్టు కాదు, ఓడిపోయారు. పదింట ఒక వంతు ఓట్లతో ఓడిపోయారు. ఆ ఓటమికి చక్కెర పూత పూస్తే అది మళ్ళీ పిల్లల్ని మోసం చెయ్యడమే. పిల్లలు అడగాల్సింది ఆవిడ ఓడిపోయినందుకు బాధపడ్డారా లేదా అని కాదు. ఆవిడ ఎవరి తరఫున, ఏ మాట చెప్పడానికి నిలబడ్డారు, ఆ మాట విన్నవాళ్ళెవరు, చెవులు మూసుకున్నవాళ్ళెవరు అని.

రెండో అభ్యంతరం. 'పిల్లలకి రాజకీయాలు వద్దు.'

1943లో సింగపూర్‌లో ఝాన్సీరాణి రెజిమెంట్‌కి నాయకత్వం వహించడం రాజకీయం కాదా? ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రి కావడం రాజకీయం కాదా? అవి ఎడిటర్ గారికి అభ్యంతరం కాలేదు. ఆ అధ్యాయానికి రెండు బొమ్మలు ఎక్కువ వేయిద్దామన్నారు కూడా. యూనిఫాం, టోపీ, సుభాష్ చంద్రబోస్ పక్కన సెల్యూట్. ఆ బొమ్మ అందరికీ ఇష్టం. ఎందుకిష్టమో కొంచెం ఆలోచిద్దాం. ఆ బొమ్మలో ఆవిడ వయసు 29. ఎదురుగా ఉన్న శత్రువు తెల్లవాడు, ఏనాడో ఓడలెక్కి వెళ్ళిపోయినవాడు. పక్కన ఒక మహానాయకుడున్నాడు, ఆవిడ ఆయన ఆజ్ఞ పాటిస్తోంది. తుపాకీ పట్టుకున్నా ఆ స్త్రీ ఇప్పుడు మనల్నెవర్నీ ఇబ్బంది పెట్టదు.

2002 బొమ్మలో ఆవిడకి 87 ఏళ్ళు. తెల్ల జుట్టు. పక్కన నాయకుడు లేడు. ఎదురుగా ఉన్నది తెల్లవాడు కాదు, మనమే. ఫిబ్రవరి 27న గోధ్రాలో రైలు పెట్టె తగలబడింది. ఆ తర్వాత గుజరాత్‌లో ముస్లింల మీద జరిగిన మారణకాండ, ఆడవాళ్ళ శరీరాల మీద జరిగిన దారుణాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఆ స్థితిలో దేశమంతా ఏకగ్రీవంగా ఒక పేరుకి తల ఊపితే బాగుంటుందని పెద్ద పార్టీలన్నీ అనుకున్నాయి. ఒక ముస్లిం శాస్త్రవేత్తని రాష్ట్రపతిని చేశాం కదా, ఇంక ఆ సంగతి ఎత్తకండి అనే సౌకర్యం అందులో ఉందని నేను అనుకుంటున్నాను. కలాం మంచితనం గురించి నాకు పేచీ లేదు. పదవిలోకి వచ్చిన నెలలోనే ఆయన గుజరాత్ వెళ్ళారని కూడా పిల్లల పుస్తకంలో రాశాను. నా పేచీ ఆయనతో కాదు. ఆయన మంచితనాన్ని తెరలాగా పట్టుకుని దాని వెనక నిలబడ్డ ఏకాభిప్రాయంతో.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు మన పెద్దవాళ్ళు. వెక్కిరింపుగానే అంటారు. 2002 జులైలో ఆ ఉలిపికట్టె లక్ష్మీ సెహగల్. మతం పేరుతో మనుషుల్ని చీల్చడం గురించి, పేదరికం గురించి, అన్యాయం గురించి మాట్లాడటానికి ఆ ఎన్నికని ఒక వేదిక చేసుకున్నారు. ఓటు లేని మామూలు జనం ముందు సభలు పెట్టి మాట్లాడారు. ఈ ఎన్నికలో ఓటు లేనివాళ్ళకి కూడా రాష్ట్రపతి ఎవరన్నది పట్టాలి అనే ఒక్క సంగతి పిల్లలకి అర్థమైనా చాలు. పౌరశాస్త్రం పాఠంలో మనం చెప్పలేకపోయింది అదే.

మూడో అభ్యంతరం. 'అది లాంఛనపు పోటీ.'

ఇది కొంచెం తెలివైన అభ్యంతరం. సంకేతాత్మకం, నామమాత్రం, సైద్ధాంతికం అని రకరకాల పేర్లతో వస్తుంది. నా జవాబు ఏమిటంటే, భారత రాష్ట్రపతి పదవిలో సంకేతం కానిది ఎంతుంది? మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకోవాల్సిన పదవి అది. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే దేశం తన గురించి తాను ఏం చెప్పుకుంటోంది అన్నదే అక్కడ ప్రధానమైన ప్రశ్న. అలాంటప్పుడు గెలిచినాయన సంకేతం గౌరవం, ఓడినావిడ సంకేతం లాంఛనం ఎలా అయ్యాయి?

ఆ రెండు సంకేతాల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు, 1998 పోఖ్రాన్ అణుపరీక్షలతో ఇంటింటా తెలిసిన క్షిపణి శాస్త్రవేత్త. ఇంకోవైపు, కాన్పూరులో పేదవాళ్ళకి కాన్పులు చేస్తూ ముసలితనంలో కూడా క్లినిక్ మానని డాక్టరు. దేశ విభజన తర్వాత వచ్చిన శరణార్థులకి ఆవిడే వైద్యం చేశారు. 1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత సిక్కుల మీద గుంపులు పడ్డప్పుడు కాన్పూరు వీధుల్లో నిలబడి అడ్డుకున్నారు. అదే ఏడు డిసెంబర్లో భోపాల్ గ్యాస్ బాధితుల కోసం వైద్య బృందాన్ని తీసుకుని వెళ్ళారు. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలకి వ్యతిరేకంగా నిరసన చేసి అరెస్టయ్యారు. అప్పుడు ఆవిడకి 82. రక్షణ అంటే క్షిపణా, లేక మంత్రసాని చెయ్యా? దేశం ఈ ప్రశ్న వేసుకునే అవకాశం ఒక్కసారి వచ్చింది. జవాబు ఎలాగూ క్షిపణే అయ్యుండేది. ప్రశ్న మాత్రం ప్రశ్నే కదా. పిల్లలకి దాన్ని కూడా దక్కకుండా ఎందుకు చేస్తున్నాం?

వయసు గురించి కూడా ఒక మాట. ఆ ఏడు కలాం వయసు 70. ఆయన వయసు అనుభవమైంది. ఆవిడ వయసు జాలి అయింది. '87 ఏళ్ళ ముసలావిడని ఈ వయసులో తిప్పుతున్నారు పాపం' అనే మాట ఇప్పటికీ నేను ఈ పుస్తకం గురించి చెప్పినప్పుడల్లా వింటున్నాను. ముసలి మగవాళ్ళు దేశాన్నేలుతుంటే రాని జాలి, ముసలి స్త్రీ మైకు పట్టుకుంటే ఎందుకు వస్తుంది? మన కథల్లో అమ్మమ్మలు పిల్లలకి గోరుముద్దలు పెడతారు, రాజుల కథలు చెబుతారు. రాజ్యం గురించి వాళ్ళకి ఒక అభిప్రాయం ఉంటుందని మాత్రం మనం రాయం.

*

ఇంతవరకూ అవతలివాళ్ళ మీద పడ్డాను. ఇప్పుడు ఇవతలికి వద్దాం.

ఆవిడని నిలబెట్టిన పార్టీల సంగతేమిటి? 2002లో లక్ష్మీ సెహగల్‌ని దేశాధినేత పదవికి తగిన మనిషని ప్రకటించిన సి.పి.ఎం.కి, అప్పటికి తన పాలిట్‌బ్యూరోలో కూర్చోవడానికి తగిన స్త్రీ ఒక్కరూ కనబడలేదు. మొదటి మహిళ బృందా కారత్ అక్కడికి చేరింది 2005లో. రాష్ట్రపతి భవన్‌కి పంపగలిగినంత గొప్ప స్త్రీలు పార్టీ ఆఫీసులో నిర్ణయాలు తీసుకునే గదిలోకి మాత్రం సరిపోలేదు. ఈ సంగతి పిల్లల పుస్తకంలో రాస్తే వామపక్ష మిత్రులకి కోపం వస్తుందని నన్ను హెచ్చరించినవాళ్ళున్నారు. రానివ్వండి. ఓటమి గురించి నిజం చెప్పాలంటే ఓడించినవాళ్ళ గురించే కాదు, ఓడిపోయే చోటికి పంపినవాళ్ళ గురించి కూడా చెప్పాలి.

ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు. ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి ఎన్నికలు వరసగా చూడండి. 2007లో ఉపరాష్ట్రపతి పదవికి గెలిచే బలం లేని ఎన్.డి.ఎ. నజ్మా హెప్తుల్లాని నిలబెట్టింది. 222 ఓట్లు, హమీద్ అన్సారీకి 455. 2017లో గెలవలేమని తెలిసిన ప్రతిపక్షం మీరా కుమార్‌ని నిలబెట్టింది. 3,67,314 ఓట్ల విలువ, రామ్‌నాథ్ కోవింద్‌కి 7,02,044. 2022లో ఉపరాష్ట్రపతి పదవికి అదే ప్రతిపక్షం మార్గరెట్ ఆల్వాని నిలబెట్టింది. 182 ఓట్లు, జగదీప్ ధన్‌కర్‌కి 528. గెలిచే చోట కూడా స్త్రీలని నిలబెట్టలేదని కాదు. 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపది ముర్ము గెలిచారు. కాని ఓడిపోయే పోటీలకి స్త్రీలు ఎంత తేలిగ్గా గుర్తొస్తారో గమనించండి. పంచాయతీ నించి పార్లమెంటు దాకా మనకిది అలవాటైన లెక్కే. గెలిచే సీటు కొడుక్కి, అల్లుడికి. డిపాజిట్ పోయే సీటు 'మహిళా సాధికారత'కి. చట్టసభల్లో మూడో వంతు సీట్లు స్త్రీలకి ఇస్తామన్న రాజ్యాంగ సవరణ 2023లో వచ్చింది కదా అంటారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలు అని ఆ సవరణలోనే రాసి పెట్టారు. వడ్డన మన వరసకి వచ్చేసరికి ఎప్పుడూ ఇంకో పని గుర్తొస్తుంది వీళ్ళకి.

అయితే లక్ష్మీ సెహగల్ పార్టీ చేతిలో కీలుబొమ్మ అనాలా? ఈ ముక్క అనేవాళ్ళలో మన స్త్రీవాద మిత్రులు కూడా ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆవిడ 1971లో, 56 ఏళ్ళ వయసులో, ఆ పార్టీని ఎంచుకున్నారు. ముప్ఫై ఏళ్ళు అందులో పని చేశారు. ఐద్వా మొదలైన 1981 నించి దాని వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. పార్టీకి తన అవసరం ఉందని ఆవిడకి తెలుసు. ఆ అవసరాన్ని తను చెప్పదలుచుకున్న మాటల కోసం వాడుకున్నారు. ఒక స్త్రీ నిర్ణయం వెనక ఎవరో మగవాళ్ళు ఉండే తీరాలని అనుకోవడం పితృస్వామ్యం మాట. దాన్ని స్త్రీవాదం గొంతుతో పలికినంత మాత్రాన అది మారిపోదు. పార్టీని విమర్శించడానికి ఆవిడ తెలివిని తగ్గించక్కర్లేదు.

మన మీద ఇంకో ఆరోపణ కూడా ఉంది నాకు. 'మొదటి మహిళ' అనే మాట మీద మనకున్న వ్యామోహం. లక్ష్మీ సెహగల్ పేరు స్త్రీల పుస్తకాల్లో, పత్రికల్లో వచ్చినప్పుడు 'రాష్ట్రపతి పదవికి పోటీ చేసిన మొదటి మహిళ' అని రాసేస్తుంటాం. ఆవిడ మొదటి మహిళ కాదు. గిరికీ సంజీవరెడ్డికీ మధ్య అంత పెద్ద యుద్ధం జరిగిన 1969 ఎన్నికలోనే గురుచరణ్ కౌర్ అనే ఆవిడ అభ్యర్థి. ఆవిడకి వచ్చిన ఓట్ల విలువ 940. ఆ ఎన్నిక గురించి మనం చెప్పుకున్న కథల్లో ఎక్కడైనా ఆవిడ పేరు విన్నారా? ఇద్దరు తెలుగు మగవాళ్ళ పోరు మనకి కంఠతా వచ్చు, అదే బ్యాలెట్ మీద ఉన్న స్త్రీ పేరు మనకే పట్టలేదు. ఒకావిడని నిచ్చెన ఎక్కించడానికి ఇంకొకావిడని చెరిపేసే పని కనీసం మనం చెయ్యకూడదు.

ఆ 940 ఇంకో సంగతి కూడా చెబుతుంది. 1969లో అంత తక్కువ బలంతో కూడా ఒక స్త్రీ నిలబడగలిగింది. తర్వాత నిబంధనలు మార్చారు. 1974లో పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవాళ్ళు ఉండాలన్నారు. 1997లో ఆ సంఖ్యని యాభై, యాభై చేశారు. డిపాజిట్ 2,500 నించి 15,000 రూపాయలైంది. ఉబుసుపోక నామినేషన్లు వేసేవాళ్ళని ఆపడానికి అన్నారు. ఆపారు కూడా. 2002లో బరిలో మిగిలింది ఇద్దరే. వందమంది ఎం.పి.లో ఎమ్మెల్యేలో సంతకం పెడితే తప్ప ఇవాళ ఎవరూ ఆ పోటీలోకి రాలేరు. ఆ వందమందిని కూడగట్టగలిగేది పార్టీలు. పార్టీలు నడిపేది ఎవరో మనకి తెలుసు. 'మొదటి మహిళ' జాబితాలు తలుపులు తెరుచుకోవడం గురించే చెబుతాయి. మూసుకున్న తలుపుల లెక్క వాటిలో ఉండదు.

*

తెలుగు స్త్రీవాదులకి ఈ వాదన కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడు ముందుకొచ్చిన ప్రశ్న ఇలాంటిదే. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీలని పోరాటం అయిపోగానే ఇళ్ళకి వెళ్ళమన్నారు. వెళ్ళాక వాళ్ళేం చేశారు, ఏమనుకున్నారు అని ఎవరూ అడగలేదు. ఆ పుస్తకం అడిగింది. నా పిహెచ్.డి. చేసిన రోజుల్లో స్త్రీల ఆత్మకథలు చదువుతూ నేను మళ్ళీ మళ్ళీ గమనించింది కూడా ఇదే. చరిత్ర స్త్రీని ఒక ఫోటో దగ్గర ఆపేస్తుంది. మల్లు స్వరాజ్యం అనగానే చేతిలో తుపాకీ ఉన్న అమ్మాయి బొమ్మ వేస్తాం. 1978లో, 1983లో తుంగతుర్తి నించి గెలిచి అసెంబ్లీలో కూర్చున్న స్వరాజ్యం బొమ్మ ఎంతమంది పిల్లలకి తెలుసు? లక్ష్మి అనగానే కాప్టెన్. ఆ రెజిమెంట్‌లో చేరినవాళ్ళలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల్లో కూలి చేసే తమిళ స్త్రీలని, ఇండియా ఎప్పుడూ చూడని ఆడవాళ్ళు ఇండియా కోసం కదిలి వచ్చారని కూడా ఆ ఫోటో చెప్పదు. అరవై ఏళ్ళ తర్వాత ఎన్నికల సభల్లో పేదవాళ్ళ గురించి మాట్లాడిన ముసలి డాక్టరుకి ఆ తోట కూలీలతో ఉన్న బంధం ఏమిటో చెప్పాలంటే, 1943కీ 2002కీ మధ్య వంతెన కట్టాలి. ఎడిటర్లు కూలగొట్టమంటున్నది ఆ వంతెననే.

అందుకని నేను ఆ చివరి అధ్యాయం తియ్యనని చెప్పేశాను. పుస్తకం అక్కడ రాకపోతే ఇంకో చోట వస్తుంది, రాకపోతే జెరాక్స్ తీసి బళ్ళకి పంచుతాను. అది నా సొంత గొడవ. మీలో పాఠాలు చెప్పేవాళ్ళున్నారు, పాఠ్యపుస్తకాల కమిటీల్లో కూర్చునేవాళ్ళున్నారు, పిల్లల కోసం రాసేవాళ్ళున్నారు. మీ అందర్నీ నేను అడిగేది చాలా చిన్న పని. ఈసారి రాష్ట్రపతుల పట్టిక మీ చేతిలోకి వచ్చినప్పుడు దానికి నాలుగో గడి గీయండి. అందులో ఓడిపోయినవాళ్ళ పేర్లు రాయండి. మగవాళ్ళవీ రాయండి, ఆడవాళ్ళవీ రాయండి. పక్కన వచ్చిన ఓట్లు వెయ్యండి. 9,22,884 పక్కన 1,07,366 కనపడనివ్వండి. 940 కూడా కనపడనివ్వండి.

తర్వాత మీరేమీ ఉపన్యాసం చెప్పక్కర్లేదు. ఏ తొమ్మిదో తరగతి పిల్లో లేచి, ఓడిపోతానని ముందే తెలిసి కూడా ఆవిడెందుకు నిలబడింది టీచర్ అని అడుగుతుంది. ఆ ప్రశ్న వచ్చిన రోజు జవాబు చెప్పడానికి తొందరపడకండి. క్లాసులో మిగతా పిల్లల్ని అడగండి. ఇంట్లోనూ, వీధిలోనూ, బళ్ళోనూ గెలవనని తెలిసిన తగాదాలో నిలబడాల్సి వచ్చిన ఆడపిల్లలు ఆ గదిలోనే ఉంటారు. జవాబు వాళ్ళ దగ్గరుంటుంది.